లెట్రోజోల్: నింద మోసిన మాత్ర

పెళ్లయి రెండేళ్లు దాటితే చాలు, డోర్నకల్‌లోనైనా చుట్టుపక్కల తండాల్లోనైనా "ఏమన్నా విశేషమా?" అని అడిగేది కోడలినే. కొడుకును ఎవరూ అడగరు. మంచి డాక్టరు మాత్రం ముందు ఇద్దరికీ పరీక్షలు రాస్తారు. భర్త వీర్యపరీక్ష బాగుండి, పీసీఓడీ వల్ల ఆమెకు అండం సరిగా విడుదల కావడం లేదని తేలితే, ఈ రోజుల్లో చీటీ మీద మొదట పడే పేరు లెట్రోజోల్. నెలసరి మొదలైన మూడో రోజు నుంచి ఐదు రోజులు, రోజుకో 2.5 మిల్లీగ్రాముల మాత్ర. ఆ పేరును ఫోన్లో వెతికితే రొమ్ము క్యాన్సర్ మందు అని కనిపిస్తుంది. గుండె గుభేలుమంటుంది.

అది పుట్టింది నిజంగా అందుకే. స్విట్జర్లాండ్‌లోని సీబా-గైగీ కంపెనీలో ఈ మందు మీద పనిచేసిన శాస్త్రవేత్తల్లో అజయ్ భట్నాగర్ ముఖ్యుడు. మగ హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మార్చే అరోమటేజ్ అనే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. ఈస్ట్రోజన్ అందక కొన్ని రకాల గడ్డలు ఎండిపోతాయి. అమెరికా 1997లో అనుమతించింది.

అప్పటికి అండం విడుదలకు వాడుతున్నది క్లోమిఫిన్. 1956లో సిన్సినాటీలోని మెరెల్ కంపెనీ తయారుచేసింది, 1961లో రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ స్త్రీలలో దాని ఫలితాన్ని ప్రకటించాడు. లక్షల ఇళ్లలో ఊయల కట్టించిన మందు అది. కానీ ఒంట్లో వారాల తరబడి ఉండిపోతుంది, కొందరిలో గర్భసంచి లోపలి పొరను పలచబరుస్తుంది. అండం విడుదలైనా గర్భం నిలవకపోవడానికి అదొక కారణం.

టొరంటోలో మిత్వల్లీ, కాస్పర్ అనే వైద్యులు 2001లో లెట్రోజోల్‌ను ఈ పనికి వాడి చూపించారు. ఈస్ట్రోజన్ తగ్గగానే మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. దాంతో అండాశయంలో అండపు సంచి పెరుగుతుంది. అది పెరిగే నాటికి మందు చాలావరకు ఒంట్లోంచి వెళ్లిపోతుంది. పదో రోజు నుంచి రోజు మార్చి రోజు స్కానింగ్. తెరమీద నల్లటి గుండ్రటి బుడగలా కనబడే ఆ సంచికి ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత గీసి కొలుస్తారు: 12, 15, ఆపైన 18 మిల్లీమీటర్లు. ఆ అంకె కోసం బల్ల మీద పడుకున్న మనిషి ఊపిరి బిగబట్టి తెర వంకే చూస్తుంటుంది.

2005లో కెనడా నుంచే పిడుగులాంటి మాట వచ్చింది: ఈ మందుతో పుట్టిన పిల్లల్లో లోపాలు ఎక్కువని. కానీ అక్కడ చూసినది 150 మంది పిల్లల్నే. పోల్చింది సంతానలేమి సమస్యే లేని తల్లుల పిల్లలతో. మరుసటి ఏడాది 911 మంది పిల్లలను పరిశీలించి, క్లోమిఫిన్‌తో పోలిస్తే లోపాలేమీ ఎక్కువ లేవని తేల్చారు. మనదేశం 2007లో ఈ వాడకానికి అనుమతిచ్చి, 2011 అక్టోబరులో నిషేధించింది. తగిన పరీక్షలు లేకుండా అనుమతించడం మొదటి తప్పు. 911 మంది లెక్క కళ్లముందుండగా నిషేధించడం రెండోది. రెండింటికీ మూల్యం చెల్లించింది ఆడవాళ్లే. క్లోమిఫిన్ పనిచేయనివారికి ఆపైన మిగిలింది ఖరీదైన హార్మోన్ ఇంజెక్షన్లు.

2014లో అమెరికాలో పీసీఓడీ ఉన్న 750 మందిపై జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది. బిడ్డను కన్నవారు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫిన్‌తో 19.1 శాతం. మన దగ్గర నిషేధం తొలగడానికి 2017 దాకా పట్టింది.

ఇప్పుడు మాత్రకు కొరత లేదు, ధరా తక్కువే. భారం స్కానింగ్‌ది. నెలకు మూడు నాలుగుసార్లు డోర్నకల్ జంక్షన్‌లో రైలెక్కి ఖమ్మమో వరంగలో పోవాలంటే, మిర్చి ఏరే కాలంలో అన్ని కూలిరోజులు పోతాయి. అందుకే చాలామంది ఒకటి రెండు నెలలకే మానేస్తారు. ఊరికి దగ్గరలోని సర్కారు దవాఖానలోనే వారానికి మూడు రోజులు ఈ స్కానింగ్ చేస్తే, ఆరు నెలలు ఆగకుండా మందు వాడగలుగుతారు.