గృహవిజ్ఞానము బాలికలకు మాత్రమేనా?

ఉన్నత పాఠశాలలలో గృహవిజ్ఞానము బోధింపవలెనన్నచో మన పెద్దలలో కొందఱు నవ్వుదురు. “వంట నేర్చుటకు బడి యెందులకు? మా యింట అత్తగారు లేరా?” అని వారి ప్రశ్న. మఱికొందఱు, బాలికలకు ఇది యొక్కటి చాలును, గణితముతో పనిలేదని సంతోషింతురు. ఈ రెండు తెఱగులవారును ఆ శాస్త్రగ్రంథమును తెఱచి చూచినవారు కారని మా యభిప్రాయము.

మన యింటి యన్నమునే తీసికొందము. ఉత్తర సర్కారులలో ఒకప్పుడు బెరిబెరి వ్యాధి పాతుకొని యుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె నీరసించి జనులు మంచము పట్టెడివారు. ఈ వ్యాధి విచారణకై 1918లో కూనూరున మెకారిసన్ దొర యొక చిన్న పరిశోధనశాలను నెలకొల్పెను. అదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థయను పేర వెలయుచున్నది. వ్యాధికి మూలమేమనగా, మర పట్టి తెల్లగా పాలిషు చేసిన బియ్యమున పైపొరతో పాటు థయమిను అను విటమిను పోవును. మిగిలిన కొంచెమును కడుగునీళ్లతో కొంత, వార్చిన గంజితో కొంత మనమే పాఱబోయుచున్నాము. ఉప్పుడు బియ్యమున, ధాన్యము నుడికించునప్పుడే ఆ సత్త్వము గింజలోనికి దిగును. కావున దానిని తినువారికి ఆ వ్యాధి యరుదు. సన్నబియ్యము తినుట గొప్పయనుకొన్న కామందు కంటె, దంపుడు బియ్యము తిని గంజి త్రాగిన పాలేరు ఈ యొక్క విషయమున భాగ్యవంతుడు! గంజి వార్చుట నేర్పినది అత్తగారే కదా. వార్చకుండుట నేర్పవలసినది బడి.

బెరిబెరి తగ్గినను పాండురోగము తగ్గలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఆకుకూరపై నిమ్మకాయ పిండినచో అందలి యినుము చక్కగా ఒంటబట్టును. భోజనము వెంటనే తేనీరు త్రాగినచో ఆ మేలు కొంత చెడును. ఇంత చిన్న మాట యెన్ని యిండ్లలో తెలియును?

ఇక బియ్యము కొనువాడెవడు? మరకు ధాన్యము తోలించువాడెవడు? పెండ్లికి అప్పుపత్రము వ్రాసి, వడ్డీ లెక్క చూడక వ్రేలు పెట్టువాడెవడు? పురుషుడే. అట్లుండగా ఆహారము, పరిశుభ్రత, శిశుపోషణ, ఇంటి జమాఖర్చు బాలికలకే నేర్పి, బాలుని వెలుపల నిలుపుట ఏమి న్యాయము?

ఈ మాట మేము క్రొత్తగా చెప్పుచున్నది కాదు. 1962లో శ్రీమతి హంసా మెహతా అధ్యక్షతన నేర్పడిన సంఘము, పాఠ్యక్రమమున బాలబాలికలకు భేదము కూడదనెను. 1964–66 నాటి కొఠారి సంఘమును దానిని సమర్థించి, గృహవిజ్ఞానమును బాలికలపై నిర్బంధముగా మోపరాదనెను. జపానువారు వేఱొక మార్గమున అచటికే చేరిరి: మాధ్యమిక పాఠశాలలలో 1993 నుండియు, ఉన్నత పాఠశాలలలో 1994 నుండియు ఉభయులకును దీనిని నిర్బంధము చేసిరి.

వంటింటికి కట్టివేయుటకే యీ చదువని శంకించు తల్లుల భయము నిరాధారము కాదు. సైన్సు, లెక్కలు తప్పించి దీనిని చేతబెట్టిన బడులు లేకపోలేదు. కాని యీ శాస్త్రమునకు పాదువేసిన ఎలెన్ రిచర్డ్స్ రసాయన శాస్త్రజ్ఞురాలు. 1873లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పట్టము పొంది, త్రాగునీటిని పరీక్షించుటలో పేరెన్నిక గన్నది. 1899లో లేక్ ప్లాసిడ్‌లో ఆమె మొదలగువారు సమావేశమై దీనికి రూపము నిచ్చిరి. పుట్టినది ప్రయోగశాలలో, వంటింటికి పంపినది మనము.

గ్రామములలోని పాఠశాల సంఘములందు సభ్యులైన కామందులను మేమొకటి కోరుచున్నాము. బడిలో గృహవిజ్ఞానపు గది యున్నచో, ఈ వేసవి సెలవులు ముగియులోపల దాని తాళము తీయించుడు. త్రాసు, కొలపాత్రలు, పొయ్యి సరిచేయించుడు. బడి తెఱచిన మొదటి వారముననే మీ కుమారులను గూడ అందు కూర్చుండబెట్టి, ఊరి మరనుండి తెచ్చిన బియ్యమును, దంపుడు బియ్యమును ప్రక్కప్రక్కన పోసి చూపింపుడు.