గాలం వేయక ముందు

చేపలు పట్టడానికి పోవాలంటే కూడా ముందుగా ఆలోచన చేసుకోవాలా అని పల్లెల్లో ఉన్న మా పాఠకులు నవ్వవచ్చు. పొలం నుండి వస్తూ చెరువులో గాలం వేసి, కూరకు నాలుగు చేపలు తెచ్చుకునేవారికి ఇది వింతగానే ఉంటుంది. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాము.

హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఉండే మా నాలుగు కుటుంబాలవారం ఒక సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకొని, ఎవరినీ అడగకుండా, నగరం వెలుపల కనబడిన ఒక చెరువు దగ్గర దిగిపోయాము. అరగంట గడవక ముందే మా తొమ్మిదేళ్ల అబ్బాయి మోకాలి లోతు నీళ్లలో రెండడుగులు వేసి మునిగిపోయాడు. అక్కడ మట్టి తవ్విన గుంత ఉన్నదని మాకు తెలియదు. మాలో ఈత వచ్చినవారు ఒక్కరూ లేరు. కొంచెం దూరంలో వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన పరుగున వచ్చి వాణ్ణి పైకి లాగాడు. ఆ ఉపకారానికి దేవునికీ, ఆయనకూ మేమెన్నటికీ ఋణస్థులమే.

"ముందుగాల ఒక్క మాట అడిగితే యాడ లోతున్నదో చెప్తుంటిమి గద సారూ" అన్నాడాయన. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది మాకు గట్టిగా తగిలింది. తప్పు పూర్తిగా మాదే.

మరుసటి ఏడు పిల్లలు మళ్లీ అడిగారు. వద్దనలేదు గాని, ఈసారి కాగితం, కలం తీసుకొని కూర్చున్నాము. ఆ రాత్రి రాసుకున్న సంగతులే ఇక్కడ చెబుతున్నాము.

ఏ నీళ్లకు పోవాలి?

"అశోక్‌నగర్ వంతెన మీద నిలబడి గాలం వేస్తే సరిపోదా?" అని మా చిన్నవాడు అడిగాడు. హుస్సేన్‌సాగర్ నుండి మూసీకి పోయే నాలా మా వీధుల పక్కనుండే పారుతుంది. 2000 ఆగస్టులో కురిసిన కుండపోత వానకు అది పొంగి పల్లపు ఇళ్లలోకి నీరు వచ్చింది. పదహారవ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన ఆ చెరువులో ఒకప్పుడు మంచినీరే ఉండేది. తరువాత నగరపు మురుగు, కర్మాగారాల వ్యర్థాలు చేరి చెడిపోయింది. అలాంటి నీటిలో చేప బతికినా మనం తినరాదు.

1908లో మూసీ వరద వచ్చిన తరువాత గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. అవి తాగునీటి జలాశయాలు గనుక వదిలేశాము. మంజీర, పోచారం అభయారణ్యాలు. అవి పక్షులకూ జంతువులకూ కేటాయించినవి గనుక అక్కడికీ గాలం తీసుకొనిపోరాదు.

నాగార్జునసాగర్ మాకు సుమారు 150 కిలోమీటర్లు. పెద్దవారికి దాని మీద మనసు పోయింది. అయితే డ్యాము దిగువన నదిలో దిగే ఆలోచన ఎవరికీ తగదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, పైనున్న లార్జీ డ్యాము నుండి ఒక్కసారిగా నీరు వదలగా, రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అంతకు కొద్ది నిమిషాల ముందు అక్కడ నీళ్లు తక్కువగానే ఉన్నాయి. ఏ డ్యాము దిగువన అయినా సంగతి ఇంతే. ఆకాశం నిర్మలంగా ఉన్నా నది పెరగవచ్చు.

చివరకు మెదక్ వైపు మా బంధువుల ఊరి చెరువును ఎంచుకున్నాము. బాలానగర్, నర్సాపూర్ మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. దారిలో 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చిని కూడా పిల్లలకు చూపించవచ్చు.

ఆ చేపలు ఎవరివి?

చెరువు ఊరిదే గాని, అందులోని చేపలు దారినపోయేవారివి కావు. మన ప్రాంతంలో చాలా చెరువులలో చేపల హక్కు మత్స్యకారుల సహకార సొసైటీలకు ఉంటుంది. చేప పిల్లలను వదిలి, నెలల తరబడి కాపాడి, పెరిగినవాటిని పట్టి అమ్ముకుంటేనే వారి ఇళ్లలో పొయ్యి వెలిగేది. మనకు అది సరదా, వారికి పంట. గనుక మా బంధువు ద్వారా ముందే సొసైటీ పెద్దలను అడిగించాము. పట్టిన చేపలను తూచి వెల కడతామన్నాము. వారు సంతోషంగా ఒప్పుకొని, లోతు తెలిసిన ఒకాయనను మాకు తోడుగా పంపుతామన్నారు.

ఎప్పుడు? ఏమేమి?

ఆదివారం ఆరాధన మానుకొని పోలేము గనుక ఫిబ్రవరిలో రెండవ శనివారం పెట్టుకున్నాము. అప్పటికి వరదలు ఉండవు, ఎండలు ముదరవు. తొలకరిలో బొచ్చె, రోహు, మృగాల చేపలు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో వాటిని వదిలేస్తేనే మరుసటి ఏటికి చేపలుంటాయి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను తన పిల్లలకు కాపలా కాస్తుంది. ఎర్రని చిన్న పిల్లలు గుంపుగా నీటి మీద తేలుతుంటే వాటి తల్లిదండ్రులు కిందే ఉంటాయి. అక్కడ గాలం వేయవద్దు.

వెదురు కర్ర, నైలాను దారం, కొక్కెం, బెండు ఉంటే చాలు. రోహుకు పిండి ముద్ద, జెల్లకు వానపాము ఎర. జెల్ల ముల్లు గుచ్చుకుంటే బాగా సలుపుతుంది గనుక పిల్లలచేత దాన్ని పట్టించవద్దు.

కాగితం మీద అన్నిటికన్నా పైన రాసుకున్నవి ఇవి: పిల్లలిద్దరికి ఒక పెద్దవారు కాపలా ఉండాలి, ఆ పెద్దవారి చేతిలో గాలం ఉండరాదు. మత్తడి దగ్గరకు, తూము దగ్గరకు పోరాదు. కరెంటు తీగల కింద పొడవైన కర్ర ఎత్తరాదు. మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల నూనె డబ్బాకు పొడవైన తాడు కట్టి సిద్ధంగా ఉంచాలి. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకరాదు, డబ్బా విసిరి లాగాలి. తెగిన దారం ఒడ్డున వదిలితే పక్షుల కాళ్లకు, పశువుల నోటికి చుట్టుకుంటుంది గనుక ఏరి తెచ్చుకోవాలి. వెలుగుండగానే తిరుగు ప్రయాణం కట్టాలి.

ఆ శనివారం

పొద్దుటి నుండి మధ్యాహ్నం వరకు మాకు దొరికినవి మూడు రోహులు, గుప్పెడు జెల్లలు. రాంనగర్ చేపల మార్కెట్టులో అయితే పది నిమిషాల్లో ఇంతకన్నా ఎక్కువే కొనుక్కొని వచ్చేవాళ్లం. అయినా కట్ట మీద రాళ్ల పొయ్యి పెట్టి వండిన ఆ పులుసు రుచి పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

గలిలయ సముద్రమని మనం చదివేది నిజానికి మంచినీటి సరస్సే. పొడవు సుమారు 21 కిలోమీటర్లు. చుట్టూ కొండలు గనుక అక్కడ గాలి ఒక్కసారిగా లేస్తుంది. ఆ నీళ్ల మీదనే బతికిన జాలరులు కూడా ఒకనాడు తుపానుకు భయపడి కేకలు వేశారు. నీళ్లు ఎరిగినవారికే ఆ భయం ఉంటే, నగరం నుండి ఒక పూటకు వచ్చినవారికి ఎంత ఉండాలి? భయపడి ఇంట్లో కూర్చోమని మేము చెప్పడం లేదు. అడిగి వెళ్లండి అంటున్నాము.

పల్లెలో ఉన్న పాఠకులకు ఒక మనవి. సెలవులకు పట్నం నుండి మనవలు, మేనల్లుళ్లు వచ్చినప్పుడు మీ చెరువులో లోతు ఎక్కడో, గుంత ఎక్కడో మొదటి రోజే చూపించండి. మీకు చిన్నప్పటి నుండి తెలిసిన సంగతి వారికి తెలియదు.

ఆనాడు మునిగిన మా అబ్బాయికి ఇప్పుడు పదేళ్లు నిండాయి. ఈసారి చెరువు దగ్గర దిగగానే వాడు మాకు తోడు వచ్చిన పెద్దాయన దగ్గరకు పోయి, "తాతా, ఇక్కడ లోతెంత?" అని అడిగాడు. చేపల సంగతి ఆ తరువాతే అడిగాడు.