గోదారి లెవెల్‌తో మెజర్ నేర్చుకుందాం

"అన్నా, పవర్ బీఐలో కాలమ్‌కీ మెజర్‌కీ తేడా ఏంటి?" అని చాలామంది అడిగారు. సేల్స్ డేటా చూసి చూసి మీకూ బోర్ కొట్టి ఉంటుంది, అందుకే ఈసారి మన భద్రాచలం గోదారితో చెప్తా.

వానాకాలం వచ్చిందంటే మా వైపు పొద్దున లేవగానే ఫోన్‌లో చూసేది నీటిమట్టమే. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 దాకా వచ్చింది. 1986లో అయితే 75.6.

మన టేబుల్‌లో ఉండేవి రెండే: టైమ్, లెవెల్. కానీ జనం అడిగేది "రెండో హెచ్చరికకు ఇంకెంత ఉంది? గంటకెంత పెరుగుతోంది?" అని. ఆ జవాబు టేబుల్‌లో లేదు, మనం లెక్క కట్టాలి.

48లోంచి లెవెల్ తీసేస్తే చాలు, అది కాలమ్. ప్రతి వరుసకీ ఒకసారి లెక్కేసి దాచిపెడుతుంది. మెజర్ అలా కాదు, మీరు ఏ తేదీ ఎంచుకుంటే దానికి అప్పటికప్పుడు లెక్కేస్తుంది.

నేను మొదట్లో లెవెల్‌ని నేరుగా కార్డ్‌లోకి లాగేశా. వెయ్యి అడుగులు దాటి చూపించింది! 24 గంటల రీడింగులూ కూడేసింది మరి. నంబర్ కనిపిస్తే కూడటం దాని అలవాటు. నీటిమట్టం, గోడౌన్ స్టాక్, బ్యాంక్ బ్యాలెన్స్, వీటిని రోజుల మీద కూడకూడదు. చివరి రీడింగ్ తీసుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. ఉదాహరణకి ఉదయం 6కి 44 అడుగులు, 7కి 45, మధ్యాహ్నం 12కి 46 అనుకోండి. మొదటి గంటలో 1 అడుగు పెరిగింది, తర్వాత 5 గంటల్లో గంటకి 0.2. ఈ రెండు రేట్ల సగటు 0.6, అంటే 48కి 3 గంటల 20 నిమిషాలు. కానీ మొత్తం చూస్తే 6 గంటల్లో 2 అడుగులేగా, అలా అయితే 6 గంటలు పడుతుంది. చివరి రేటే పట్టుకుంటే 10 గంటలు!

మొదటిది తప్పే. ఒక గంటకీ అయిదు గంటలకీ ఒకే బరువు ఇచ్చింది. మిగతా రెండూ కరెక్టే, అడిగిన ప్రశ్న వేరు. సామాన్లు సర్దుకునే ఇంటికి 6కీ 10కీ ఎంత తేడానో చెప్పక్కర్లేదు కదా. అందుకే మెజర్ పేరు "రేటు" అని పెట్టకండి, "గత 5 గంటల రేటు" అని పెట్టండి.