ఉప్పునీరు, మంచినీరు కలిస్తేనే పులికాట్ రుచి

సూళ్లూరుపేట: ఒక జిల్లా, రెండు వంటిళ్లు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడటంతో అప్పటివరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాలు చంద్రగిరి, పాకాల మండలాలతో కలిసి ఒకే గొడుగు కిందకు వచ్చాయి. ఒకవైపు రాగిసంగటి, ఊరుబిండి తిని పెరిగిన మెట్టపల్లెలు. మరోవైపు చేపల పులుసు, రొయ్యల వేపుడు, పీతల కూర లేనిదే పండుగ కాదనుకునే పులికాట్ తీరం. ఒకరికి నిత్యభోజనమైనది మరొకరికి వింత. సెలవు దినాల్లో పడవ షికారుకు భీమునివారిపాలెం వచ్చే మెట్టప్రాంతపు కుటుంబాలు పీతను విస్తరిలో చూసి 'దీన్ని ఎలా తినాలి?' అని ఆగిపోవడం సహజమే. అయితే ఈ రుచి ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిస్తే తొలి ముద్దకు సంకోచం కొంత తగ్గుతుంది. ఆ రుచికి పొంచి ఉన్న ముప్పు కూడా అర్థమవుతుంది.

నీటిలోనే రహస్యం

దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల్లో సుమారు 60 కిలోమీటర్ల పొడవున విస్తరించిన ఈ సరస్సులో అధిక భాగం మన రాష్ట్రంలోనే ఉంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి గోడలా నిలిచింది. కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తెస్తే, ముఖద్వారాల గుండా సముద్రపు పోటు ఉప్పునీటిని తెస్తుంది. సగటు లోతు మీటరుకు అటూ ఇటూ మాత్రమే. అందువల్ల ఈశాన్య రుతుపవనాల వానలకు నీరు చప్పబడుతుంది. వేసవి ఎండలకు సముద్రాన్ని మించి ఉప్పుదేలుతుంది. ఉత్తర భాగంలో చాలాచోట్ల నేల బయటపడి పర్రగా మారుతుంది.

ఇలా మారే ఉప్పదనాన్ని తట్టుకోవడానికి రొయ్య, పీత తమ కండరాల్లో గ్లైసీన్ వంటి అమైనో ఆమ్లాలను నిల్వ చేసుకుంటాయి. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ వాటి పాళ్లు కూడా పెరుగుతాయి. గ్లైసీన్‌కు సహజంగానే తీపి గుణం ఉంది. ఉప్పునీటిలో పెరిగిన రొయ్యను నమిలితే నాలుకకు తగిలే లేత తీపికి ఇదొక ముఖ్య కారణం. ఆ జీవి బతకడం కోసం చేసుకున్న ఏర్పాటే తినేవారికి రుచిగా అందుతున్నదన్నమాట.

సముద్రంలో పుట్టి.. సరస్సులో పెరిగి

తెల్లరొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు పోటు నీటితోపాటు ముఖద్వారం దాటి సరస్సులోకి వస్తాయి. లోతు తక్కువ, మేత ఎక్కువ ఉన్న ఈ నీటిలో కొన్ని నెలలు పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టేందుకు సముద్రం దారి పడతాయి. మండపీతలో ఆడది గుడ్లు విడిచేందుకు సముద్రానికే వెళుతుంది. పండుగప్ప, బొంత వంటి చేపలకూ ఈ రాకపోకలు తప్పవు. అంటే పులికాట్ వీటికి పుట్టినిల్లు కాదు, పెరిగే ఇల్లు. ఆ ఇంటికి వాకిలి ముఖద్వారం.

తీరంలోని జాలర్లు, యానాదులు తరతరాలుగా ఈ రాకపోకలను గమనించి వేట సాగిస్తున్నారు. తమిళనాడు వైపు ఇరుళర్లు మోకాటి లోతు నీటిలో చేతులతోనే తడిమి రొయ్యలను పట్టే నేర్పు ఇప్పటికీ కనిపిస్తుంది.

చట్టిలో పులుసు.. మరునాటి రుచి

జిల్లా మారినా తీరపు పులుసుకు 'నెల్లూరు చేపల పులుసు' అన్న పేరు మారలేదు. మట్టిచట్టిలో చింతపండు రసం, మిరపపొడి, మామిడికాయ ముక్కలు వేసి మరిగించి, ఆపై చేపముక్కలు వేస్తారు. ఆ తర్వాత గరిటె పెట్టరు. ముక్క చెదరకుండా చట్టి అంచులు పట్టుకుని మెల్లగా తిప్పుతారు. పులుపు వాడటం నాలుక కోసమే కాదు. సముద్రపు చేపకు నీచువాసన తెచ్చే పదార్థం క్షార గుణం కలది. చింతపండులోని ఆమ్లం దాన్ని అణచివేస్తుంది. రాత్రంతా నిల్వ ఉన్నప్పుడు పులుపు, కారం ముక్క లోపలికి ఇంకుతాయి. చద్దన్నంలో నిన్నటి పులుసు కలుపుకొనేవారి ఆనందానికి కారణమదే. అయితే వేసవిలో పులుసును మరోసారి బాగా మరగకాచి, చల్లారాక మూతపెట్టి నిల్వ చేయాలి. ఫ్రిజ్‌లో పెట్టడం ఉత్తమం.

ఈ పులుసుకు ఎరుపునిచ్చే మిరప ఒకనాడు ఈ నేలకు పరాయిదే. అమెరికా ఖండాల్లో పుట్టిన ఆ మొక్క 15వ శతాబ్దం ముగిశాక పోర్చుగీసు ఓడల ద్వారా భారత తీరాలకు చేరింది. అంతకు ముందు మన కూరలకు కారం మిరియాలదే. సరస్సు దక్షిణపు కొసన, నేటి తమిళనాడులోని పళవేర్కాడులో 1613లో డచ్చివారు గెల్డ్రియా కోట కట్టారు. అప్పటి సముద్ర వ్యాపారంలో వస్త్రాలు, సుగంధ ద్రవ్యాలు దేశదేశాలు తిరిగాయి. నేడు 'మన రుచి' అని చెప్పుకొనే ప్రతిదానికీ ఎప్పుడో ఒక తొలి ముద్ద ఉంది.

పీత ఎరుపు.. పక్షి గులాబీ

పచ్చిగా ఉన్నప్పుడు నలుపు పచ్చ కలిసిన రంగులో ఉండే పీత, పొయ్యి మీద ఎర్రబడటం చూసి పిల్లలు కేరింతలు కొడతారు. దాని పెంకులో ఎర్రని వర్ణకం ముందే ఉంటుంది. ఒక మాంసకృత్తు దాన్ని పట్టి ఉంచి ముదురు రంగుగా చూపుతుంది. వేడికి ఆ బంధం విడిపోయి అసలు ఎరుపు బయటపడుతుంది. ఏటా శీతాకాలంలో పులికాట్‌కు తరలివచ్చే ఫ్లెమింగోల గులాబీ రంగుకూ ఇదే కుటుంబపు వర్ణకాలు కారణం. తల కిందులుగా ముంచి, ముక్కుతో నీటిని వడకట్టి తినే నాచు, చిన్నచిన్న జలచరాల నుంచి ఆ రంగు వాటికి అబ్బుతుంది. తిండి మనిషికే కాదు, పక్షికీ గుర్తింపు ఇస్తుందనడానికి ఈ సరస్సే నిదర్శనం.

తొలి ముద్దకు కొన్ని మాటలు

తీరంలో పీత అన్నదే సీమపల్లెల్లో ఎండ్రకాయ. పొలం గట్ల ఎండ్రకాయల రుచి ఎరిగిన పెద్దలు మెట్టప్రాంతాల్లో ఉన్నారు. సంతల్లో కొన్న కరువాడుతో చేసిన పులుసు సంగటికి మంచి జోడీ. కాబట్టి తీరపు రుచి మెట్టకు పూర్తిగా కొత్తదేమీ కాదు, దూరపు చుట్టం మాత్రమే.

కొత్తవారు పులుసు, రొయ్యల వేపుడుతో మొదలుపెట్టి పీతకు వెళ్లడం సులువు. పీతను కొనేటప్పుడు ప్రాణంతో ఉన్నదాన్నే, పరిమాణానికి మించి బరువు తూగేదాన్నే ఎంచుకోవాలి. కొత్తగా పెంకు మార్చినదానిలో కండ తక్కువ, నీరు ఎక్కువ. తినేటప్పుడు తొందర పనికిరాదు. డెక్కను పగలగొట్టి, కండను వేళ్లతో తీసుకుని, కాళ్లలోని రసాన్ని జుర్రుకోవాలి. నలుగురు చుట్టూ కూర్చుని కబుర్లాడుతూ తినవలసిన తిండి ఇది.

పిల్లలు మొదటిసారి వద్దంటే బలవంతం చేయరాదు. ఒక కొత్త రుచి అలవాటు కావడానికి పిల్లలకు 10 సార్లయినా కొద్దికొద్దిగా చూపవలసి రావచ్చు. కొందరికి రొయ్య, పీత పడవు. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వంటివి కనిపిస్తే వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. అందుకే తొలిసారి కొంచెమే రుచి చూడటం మేలు.

వాకిలి మూసుకుపోతే..

పులికాట్‌కు ప్రళయకావేరి అన్న తెలుగు పేరుంది. స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు'లో ఈ దీవుల మనుషులు, వారి మాట, ఆట, తిండి సజీవంగా కనిపిస్తాయి. ఆ తిండికి ఆధారమైన నీటికే ఇప్పుడు కష్టం వచ్చింది. వాకాడు మండలం రాయదొరువు వద్ద ముఖద్వారం ఇసుక మేటలతో పూడిపోవడం తీరవాసులను ఏళ్లుగా వేధిస్తున్న సమస్య. పోటు నీరు రాకుంటే రొయ్య పిల్లలు రావు. ఎదిగిన పీతలకు సముద్రానికి దారి ఉండదు. వల ఖాళీగా వస్తే జాలరి వలస పోతాడు. పూడిక తీసి వాకిలి తెరిచి ఉంచాలన్న వారి కోరిక అందుకే కేవలం ఉపాధికి సంబంధించినది కాదు.

చెరువు రొయ్యలు, దూరప్రాంతాల చేపలు మార్కెట్లో ఎప్పుడూ దొరుకుతాయి. పులుసు ఆగదు. కానీ సముద్రంలో పుట్టి, నది నీటిలో ఎదిగి, ఉప్పూ తీపీ రెండూ ఒంటబట్టించుకున్న రుచి మాత్రం సరస్సుకూ సముద్రానికీ మధ్య దారి ఉన్నంతకాలమే దక్కుతుంది. మెట్టప్రాంతం నుంచి వచ్చి తొలిసారి పీత డెక్క పగలగొట్టే బిడ్డకు ఆ రుచి అందాలంటే, ముందుగా రాయదొరువు వద్ద ఇసుక మేటలు తొలగాలి.