పాత మెటల్ బ్యాండ్ మళ్లీ కలిసింది... మరి కొత్త ఆల్బమ్ వస్తుందా?

మెటల్ వినేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది. "మా బ్యాండ్ పాతవాళ్లందరూ మళ్లీ కలిశారు, ఆల్బమ్ ఎప్పుడు?" కొన్నిసార్లు ఆల్బమ్ వస్తుంది, కొన్నిసార్లు ఎంత ఎదురుచూసినా రాదు. ఎందుకలా జరుగుతుందో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

ముందు ఒక తేడా చెప్పుకుందాం. పాత సినిమాని ఫోర్-కేలో రీ-రిలీజ్ చేస్తే మనం థియేటర్‌కెళ్లి పేపర్లు ఎగరేసి వస్తాం. అందులో రిస్క్ ఏమీ లేదు, ప్రతి సీనూ మనకి తెలిసిందే. అదే హీరో, అదే డైరెక్టర్ ఇరవై ఏళ్ల తర్వాత కలిసి కొత్త సినిమా మొదలుపెట్టారనుకోండి, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. రీయూనియన్ టూర్ అంటే రీ-రిలీజ్ లాంటిది. రీయూనియన్ ఆల్బమ్ అంటే ఆ కొత్త సినిమా అన్నమాట.

దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ బ్లాక్ సబ్బాత్. 1968లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో నలుగురు కుర్రాళ్లు మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. పాడేది ఓజీ ఓస్బోర్న్, గిటార్ టోనీ అయోమీ, బేస్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్. 1970లో వచ్చిన వీళ్ల మొదటి ఆల్బమ్‌తోనే హెవీ మెటల్ పుట్టిందని చాలామంది అంటారు. 1978లో ఈ నలుగురి ఆఖరి పూర్తి ఆల్బమ్ వచ్చింది. 1979లో తాగుడు, డ్రగ్స్ గొడవల మధ్య ఓజీని బయటికి పంపేశారు.

1997లో మళ్లీ కలిశారు. 1998లో లైవ్ ఆల్బమ్ వేశారు, అందులో కొత్త పాటలు రెండే. 2001లో రిక్ రూబిన్ అనే ప్రొడ్యూసర్‌తో పూర్తి ఆల్బమ్ ప్రయత్నం మొదలైంది కానీ మధ్యలోనే ఆగిపోయింది. చూశారా, స్టేజీ మీద కలవడం ఒకటి, కూర్చుని కొత్త పాటలు కట్టడం ఇంకొకటి.

ఎందుకంత కష్టం? మొదటి కారణం డబ్బు. పాత బ్యాండ్‌కి ఆదాయం ఎక్కువగా టికెట్ల నుంచి, టీషర్టుల నుంచి వస్తుంది. స్ట్రీమింగ్‌లో పాటకి వచ్చేది చిల్లర. పైగా షోలో జనం అరిచి అడిగేది పాత పాటలనే. అలాంటప్పుడు నెలల తరబడి స్టూడియోలో ఎందుకు కూర్చోవాలి? అందుకే టూర్ అనౌన్స్ అయిన ప్రతిసారీ ఆల్బమ్ వస్తుందని లెక్కేసుకోకూడదు. స్లేయర్ 2019లో వీడ్కోలు చెప్పి 2024లో తిరిగొచ్చింది, అదీ కొన్ని షోల కోసమే.

రెండో కారణం కాంట్రాక్టు. 2011 నవంబర్ 11న లాస్ ఏంజెలెస్‌లో బ్లాక్ సబ్బాత్ నలుగురూ కూర్చుని "కొత్త ఆల్బమ్, రూబిన్ ప్రొడ్యూసర్" అని ప్రకటించారు. ఫ్యాన్స్‌కి పండగే పండగ. మూడు నెలలు తిరక్కుండానే, తనకిచ్చిన కాంట్రాక్టు సంతకం పెట్టేలా లేదని బిల్ వార్డ్ పక్కకి తప్పుకున్నాడు. అతని ఫిట్‌నెస్ సరిపోదని ఓజీ తర్వాత అన్నాడు. ఎవరి మాట కరెక్ట్ అనేది పక్కన పెడితే, ఆల్బమ్‌కి డ్రమ్స్ వాయించింది మాత్రం రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ బ్యాండ్‌కి చెందిన బ్రాడ్ విల్క్.

మూడో కారణం వయసు, ఆరోగ్యం. ప్రకటన వచ్చిన రెండు నెలలకే, 2012 జనవరిలో, టోనీ అయోమీకి లింఫోమా అనే క్యాన్సర్ ఉందని బయటపడింది. ట్రీట్‌మెంట్ తీసుకుంటూనే అతను రిఫ్‌లు రాశాడు. ఆయన అలవాటే అది. పదిహేడేళ్ల వయసులో ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోతే, ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని గిటార్ వాయించిన మనిషి!

చివరికి 2013 జూన్‌లో ఆల్బమ్ వచ్చింది. పేరు 'థర్టీన్'. మొదటి ఆల్బమ్ వినిపించి, దాని తర్వాతి ఆల్బమ్ ఇదే అనుకుని చేయమన్నాడట రూబిన్. బ్రిటన్‌లో 1970 తర్వాత మళ్లీ వీళ్లకి నంబర్ వన్ దక్కింది. అమెరికాలో అయితే నంబర్ వన్ రావడం అదే మొదటిసారి. ఇందులోని ఒక పాటకి గ్రామీ కూడా వచ్చింది.

మరి సాఫీగా జరిగిన రీయూనియన్లు లేవా అంటే, ఉన్నాయి. ఐరన్ మెయిడెన్‌ని చూడండి. 1999లో సింగర్ బ్రూస్ డికిన్సన్, గిటారిస్ట్ ఏడ్రియన్ స్మిత్ తిరిగొచ్చారు. ఏడ్రియన్ కోసం ఉన్న గిటారిస్ట్‌ని తీసేయలేదు, ముగ్గురు గిటారిస్ట్‌లతోనే నడిపారు. ముందు టూర్ చేసి చేతులు కలిశాక, 2000లో 'బ్రేవ్ న్యూ వరల్డ్' వేశారు. అక్కడితో ఆగకుండా కొత్త ఆల్బమ్‌లు చేస్తూనే ఉన్నారు. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చింది ఈ ఆరుగురే. మన హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి చేరే ఊళ్లో మెయిడెన్!

జూడాస్ ప్రీస్ట్‌దీ ఇలాంటి కథే. రాబ్ హాల్ఫర్డ్ 2003లో తిరిగొచ్చాడు, 2005లో ఆల్బమ్ వచ్చింది. వ్యాన్ హేలెన్ ఇంకో దారి పట్టింది. డేవిడ్ లీ రాత్‌తో 2012లో చేసిన ఆల్బమ్‌లో కొన్ని పాటల్ని 1970ల నాటి డెమోల నుంచి తీసి మళ్లీ కట్టారు. అది మోసం కాదా అంటారేమో. నా లెక్కలో కాదు. పాత విత్తనమైనా మొలకెత్తిందా లేదా, అదే చూడాలి.

కాబట్టి ఈసారి మీ ఫోన్‌లో "ఫలానా బ్యాండ్ ఈజ్ బ్యాక్" అని నోటిఫికేషన్ వస్తే మూడు విషయాలు చూడండి. ఒకటి, పాటలు రాసే మనిషి తిరిగొచ్చాడా? రెండు, స్టూడియో, ప్రొడ్యూసర్ పేర్లు చెప్పారా, లేక టూర్ డేట్లు మాత్రమే ఇచ్చారా? మూడు, అందరూ సంతకాలు పెట్టారా? మూడింటికీ అవును అని వస్తే ఆశ పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో బ్లాక్ సబ్బాత్ నలుగురూ, బిల్ వార్డ్‌తో సహా, కలిసి వాయించారు. ఓజీ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. వాయించినవి నాలుగు పాటలు, నాలుగూ 1970వే. పదిహేడు రోజులకి, జూలై 22న, ఓజీ చనిపోయాడు. వయసు 76. అంటే 1978 తర్వాత ఆ నలుగురూ కలిసి చేసిన పూర్తి ఆల్బమ్ ఇంకొకటి లేదు, ఇక ఉండదు.

ఈ బ్యాండ్ల వాళ్లు చాలామంది ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. అందుకే వీళ్లు కొత్త ఆల్బమ్ వేసినప్పుడు "పాతదానంత లేదు" అని రెండు నిమిషాలకే స్కిప్ కొట్టకండి. ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా వినండి, తర్వాత తిట్టండి. మీరు ఏ బ్యాండ్ ఆల్బమ్ కోసం ఎదురుచూస్తున్నారో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.