రాక్ హోరులో ఫారడే

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్రాంకెన్‌మూత్ అనే చిన్న ఊరుంది. అక్కడి కిస్కా అన్నదమ్ములు జోష్, జేక్, శామ్, వాళ్ల మిత్రుడు డానీ వాగ్నర్ కలిసి నడిపే రాక్ బృందం పేరు గ్రెటా వాన్ ఫ్లీట్. వీళ్ల ‘ఫ్రమ్ ద ఫైర్స్’కు 2019లో ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు వచ్చేనాటికి నలుగురిలో ఎవరికీ పాతికేళ్లు నిండలేదు. పాట వింటే మాత్రం 1970 ప్రాంతపు రాక్ బృందం లెడ్ జెప్లిన్ రికార్డు పెట్టినట్టే ఉంటుంది. అది అనుకరణా కాదా అన్నది విమర్శకులు తేల్చుకోవాల్సిన విషయం. ఆ ధ్వని ఎలా పుడుతుందో చెప్పాల్సింది భౌతికశాస్త్రం.

జేక్ చేతిలో ఎక్కువగా కనిపించేది 1961 నాటి గిబ్సన్ ఎస్‌జీ గిటారు. వాళ్ల రాష్ట్రంలోనే ఉన్న కలమజూ ఫ్యాక్టరీలో, పలచటి మహోగని చెక్కతో తయారైంది. ఇందులో మామూలు గిటారుకు ఉండే బోలు పెట్టె లేదు. విద్యుత్తు లేకుండా మీటితే పక్కవాడికి కూడా సరిగ్గా వినిపించదు. తీగల కింద ఉండే పికప్‌దే పనంతా.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగతో వేల చుట్లు చుట్టిన చుట్ట. పైనున్న ఉక్కు తీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం చలిస్తుంది, చుట్టలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. మైఖేల్ ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. చిక్కేమిటంటే, ఈ చుట్టకు గిటారు తీగ ఏదో కరెంటు తీగ ఏదో తెలియదు. వేదిక మీది లైట్ల నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే 60 హెర్ట్జ్ గుయ్యిమనే రొదను కూడా పట్టేస్తుంది. మన దేశంలోనైతే అది 50 హెర్ట్జ్.

గిబ్సన్ ఇంజినీరు సేథ్ లవర్ దీనికి చక్కని ఉపాయం పన్నాడు. పక్కపక్కనే రెండు చుట్టలు పెట్టి, ఒకదానికి ఎదురు దిశలో రెండోదాన్ని కలిపాడు. బయటి రొద రెండింటిలోనూ ఒకేలా పుడుతుంది కాబట్టి, కలిసేచోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. అలాగైతే తీగ నాదం కూడా రద్దు కావాలి కదా? కాదు. రెండో చుట్టలో అయస్కాంత ధ్రువాన్ని కూడా అతను తిప్పేశాడు. నాదం రెండుసార్లు తారుమారై మళ్లీ మొదటికే వస్తుంది. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అన్న బడి లెక్కే! రొద పోయింది, నాదం పెరిగింది. దీని పేరు హంబకర్.

లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1959లో వచ్చింది. ఆ కాలంలోనూ, ఆ తర్వాత కొన్నేళ్లూ పికప్ అడుగున ‘పేటెంటుకు దరఖాస్తు చేశాం’ అనే చిన్న చీటీ అంటించేవారు. ఆ చీటీ ఉన్నవాటికి ఇప్పుడు వేల డాలర్లు పలుకుతున్నాయి. నిజానికి వాటిలో చుట్ల లెక్క ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, అయస్కాంతాల రకమూ మారుతుంది. సేకర్తలు దాన్నే మహిమ అంటారు, ఫ్యాక్టరీ భాషలో అది నాణ్యతా లోపం. పాతదంతా గొప్పదన్న నమ్మకాన్ని కొంచెం అనుమానించాల్సిందే. పారిస్‌లో ఆరు పాత ఇటాలియన్ వయొలిన్లను, ఆరు కొత్తవాటిని ఏది పాతదో ఏది కొత్తదో తెలియకుండా పది మంది పేరున్న కళాకారుల చేత వాయింపజేసిన పరీక్షా ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఎక్కువమంది కొత్తవాటినే మెచ్చుకున్నారు.

రాక్ ధ్వనికి అసలు రంగు వచ్చేది ఆంప్లిఫయర్‌లో. వాల్వు రేడియో ఉన్న ఇళ్లలో పెరిగినవారికి ఆ గాజు గొట్టాలు గుర్తుండే ఉంటాయి. రేడియోల్లోంచి ట్రాన్సిస్టర్ వాటిని గెంటేసినా, గిటారు వాద్యకారులు వదల్లేదు. వాల్వు తట్టుకోలేనంత సంకేతం పంపితే ధ్వని తరంగపు శిఖరాలు క్రమంగా అణిగిపోతాయి. ఆకారం చెడిన తరంగంలో కొత్త అనుస్వరాలు పుట్టుకొస్తాయి. 110 హెర్ట్జ్ నాదానికి 220, 330, 440 తోడవుతాయి. రేడియో ఇంజినీరు తల పట్టుకునే ఈ దోషమే గిటారుకు గొంతునిచ్చింది.

ఇంకో విశేషం ఉంది. రాక్ గిటారిస్టులు తరచూ రెండే స్వరాలను కలిపి మీటుతారు. మన భాషలో చెప్పాలంటే షడ్జ పంచమాలు. షడ్జం 110 హెర్ట్జ్ అయితే పంచమం 165. ఇలా తరంగం ఆకారం చెడగొట్టే ఆంప్‌లో ఈ రెండింటి తేడా కూడా ఒక స్వరంగా వినిపిస్తుంది. అది 55 హెర్ట్జ్, అంటే సరిగ్గా కింది స్థాయి షడ్జం. ఎవరూ మీటని ఆ మంద్రస్వరమే గుండెల్లో దడదడలాడేది. అక్కడ పంచమానికి బదులు గాంధారం పట్టుకుంటే తేడా స్వరాలు అంత పొందికగా కుదరవు, శబ్దం బురదబురదగా ఉంటుంది.

శామ్ బాస్ గిటారు పక్కనపెట్టి హామండ్ ఆర్గన్ ముందు కూర్చున్నప్పుడూ పలికేది ఫారడేనే. 1935లో వచ్చిన ఈ వాద్యంలో అయస్కాంతాల ముందు పళ్ల చక్రాలు తిరుగుతుంటాయి. పేరున్న బీ-3 నమూనాలో అవి 91.

వేదిక వెనుక గోడలా పేర్చే స్పీకరు పెట్టెల సంగతి వేరు. ‘ద హూ’ రాక్ బృందం ఇంకా పెద్ద చప్పుడు కావాలని అడిగితే లండన్‌లో జిమ్ మార్షల్ 1965లో 100 వాట్ల ఆంప్ చేసిచ్చాడు. 50 వాట్ల నుంచి 100కు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు వినిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. ఈ రోజుల్లో పెద్ద సభల్లో ఒక స్పీకరు ముందు మైకు పెట్టి, మిగతా పని సభాస్థలి సౌండు వ్యవస్థకు వదిలేస్తారు. కొన్ని బృందాల వెనుక కనిపించే పెట్టెల్లో అసలు స్పీకర్లే ఉండవు! అంతెందుకు, లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌ను ఆ బృందపు గిటారిస్టు జిమ్మీ పేజ్ చాలావరకు చిన్న సుప్రో ఆంప్‌తోనే రికార్డు చేశాడు.

ఇదంతా చదివి పాత వాల్వు ఆంప్ కొనాలనిపిస్తే ఒక్క జాగ్రత్త. చాలావాటి లోపల 400 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండొచ్చు. మరమ్మతు తెలిసినవారికే అప్పగించండి, మూత మీరు విప్పకండి.