కొంగున ముడి

గడచిన సంగతులను గుర్తుంచుకోవడమే జ్ఞాపకశక్తి అని చాలామంది భావిస్తారు. కాని చేయదలచిన పనిని తగిన సమయంలో గుర్తుకు తెచ్చుకోవడం కూడా జ్ఞాపకశక్తియే. దీనిని ‘భావికార్య స్మృతి’ అనవచ్చు.

రాజోలు ప్రాంతానికి చెందిన ఒక రైతు కొబ్బరికాయల బేరానికి అమలాపురం వెళ్ళాడనుకొందాం. తల్లికి రక్తపోటు మాత్రలు తేవాలని ఉదయమే నిశ్చయించుకున్నాడు. బేరసారాలలో ప్రొద్దు గడచిపోయింది. సాయంకాలం అరుగుపై ఎదురుచూస్తున్న తల్లిని చూడగానే మాత్రలు గుర్తుకు వచ్చాయి. అతనికి తల్లిపై ప్రేమ లేక కాదు. మాత్రల పేరు మరచిపోయీ కాదు. పనిని గుర్తుచేసే సూచన ఆలస్యంగా ఎదురైంది, అంతే.

1990లో ఐన్‌స్టైన్, మెక్‌డేనియల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇటువంటి పనులను రెండు విధాలుగా వింగడించారు. దుకాణం కనబడగానే మందు కొనడం సంఘటనపై ఆధారపడిన పని. రాత్రి ఎనిమిది గంటలకు మాత్ర వేసుకోవడం కాలంపై ఆధారపడిన పని. బయటి సూచన లేనప్పుడు మనస్సే కాలాన్ని కనిపెట్టుకొని ఉండాలి. అందువల్ల రెండవది సాధారణంగా కష్టతరం.

దీనికి జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో ప్రచురించిన వ్యాసంలో ఒక సులభమైన ఉపాయం ఉన్నది. “మందు కొంటాను” అని ఊరుకొనక, “గడియార స్తంభం కనబడగానే మందుల దుకాణానికి వెళ్తాను” అని స్థలాన్నీ పనినీ ముడిపెట్టుకోవాలి. అప్పుడు ఆ స్థలమే పనిని గుర్తుచేస్తుంది.

మన పూర్వులకు ఈ కిటుకు తెలియనిది కాదు. స్త్రీలు కొంగున ముడి వేసుకొనేవారు. అది చేతికి తగిలినప్పుడల్లా పని గుర్తుకు వచ్చేది. నేడు సెల్‌ఫోను గంట ఆ పనినే చేస్తున్నది. మరపు మానవ సహజం. అయినవారికి అవసరమైన పనికి ముందే ఒక ముడి వేసుకోవడం మన బాధ్యత.